కాదంటే కాదనే చెప్పండి: తెలుగు ప్రచురణకర్తలకు, సంపాదకులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రచురణకర్తలకు, పత్రికా సంపాదకులకు, నవలల పోటీలు నిర్వహిస్తున్న సంస్థల పెద్దలకు,

నమస్కారం.

మీకు నవల పంపి జవాబు కోసం చూస్తున్నవాళ్లలో నేనూ ఒకరిని. నాలాంటివాళ్లం హైదరాబాదులో కొందరం నెలకోసారి బాగ్‌లింగంపల్లి వైపు ఒకచోట కూర్చుని, ఒకరి రాతప్రతిని ఒకరం చదువుకుంటూ ఉంటాం. మాలో బ్యాంకు ఉద్యోగి ఉన్నారు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పే అధ్యాపకురాలు ఉన్నారు, రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నారు, మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ తెల్లవారుజామున లేచి రాసుకుంటూ వచ్చిన కుర్రవాడు ఉన్నాడు. లేఖ నేను రాస్తున్నా ఇందులోని బాధ మా అందరిదీ. మా నవలలను తప్పక అచ్చువేయమని అడగడానికి ఇది రాయడం లేదు. వేయదగినది కాదని మీకు అనిపిస్తే వేయకపోవడం మీ హక్కు, ఆ హక్కును మేం మనస్ఫూర్తిగా గౌరవిస్తాం. మేం అడుగుతున్నది ఒక్కటే. వద్దనుకున్నప్పుడు వద్దని చెప్పండి, రాతపూర్వకంగా చెప్పండి, ఒక గడువు లోపల చెప్పండి.

తిరస్కరణను తట్టుకోవడం రాసేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకోక తప్పదు. కథ తిరిగొస్తే కొన్నాళ్లు మనసు చివుక్కుమంటుంది, తర్వాత ఇంకో కథలో పడి మరిచిపోతాం. నవల సంగతి అలా కాదు. రెండేళ్లో మూడేళ్లో అవే మనుషులతో, అదే వీధిలో, అదే ఇంట్లో బతికి, ఉద్యోగం నుంచీ ఇంటి పనుల నుంచీ పిల్లల పరీక్షల నుంచీ మిగుల్చుకున్న గంటల్లో రాసిన పేజీలవి. అవి పనికిరావని ఎవరైనా చెబితే ఆ రాత్రి నిద్ర పట్టదు. అయినా ఆ మాట విన్న మనిషికి మర్నాడు చేయడానికి ఏదో ఒక పని మిగిలి ఉంటుంది. ఆ నవలను ఇంకొకరికి పంపవచ్చు, కూర్చుని తిరగరాయవచ్చు, లేదంటే అటక మీద పెట్టేసి కొత్తది మొదలుపెట్టవచ్చు. ఉలుకూ పలుకూ లేనప్పుడు ఈ మూడింటిలో ఏదీ చేయలేం. పంపిన నవలను మళ్లీ తెరిచి దిద్దడానికి చేయి రాదు, ఎందుకంటే ఈ క్షణాన మీ దగ్గర ఎవరో దాన్నే చదువుతూ ఉండవచ్చు. కొత్త నవల మొదలుపెట్టడానికి మనసు రాదు, ఎందుకంటే పాతది ఇంకా ముగియలేదు. మీ సంస్థ ఫేస్‌బుక్ పేజీలో కొత్త పుస్తకం ముఖచిత్రం కనిపించినప్పుడల్లా గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది. వాట్సాప్‌లో మేం పెట్టిన మర్యాదపూర్వకమైన సందేశం పక్కన రెండు నీలం గీతలు పడతాయి, కింద జవాబు మాత్రం రాదు. ఆ గీతలను ఎన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో మా మిత్రబృందంలో అందరికీ తెలుసు. చదివారు గనుక ఆలోచిస్తున్నారేమో అని ఒకరంటారు, చదివీ పలకలేదంటే ఇక ఆశ వదులుకోమని మరొకరంటారు. ఆ ఇద్దరిలో ఎవరి మాట నిజమో ఏడాది గడిచినా తేలదు.

మా రిటైర్డ్ రైల్వే మిత్రుడి దగ్గర ఒక పాత డైరీ ఉంది. ఆయన యౌవనంలో వారపత్రికలకు కథలు, నవలలు పంపేవారు. ఆ రోజుల్లో రాతప్రతితో పాటు తగినన్ని స్టాంపులు అంటించిన సొంత చిరునామా కవరు జతచేస్తే, ప్రచురణకు తీసుకోని రచనను తిప్పి పంపేవారు. అలా తిరిగొచ్చిన కవర్లలోని చీటీలను ఆయన డైరీ పేజీల మధ్య దాచుకున్నారు. అరచేతిలో సగం ఉండే ముక్క కాగితం, పసుపు తిరిగింది, అంచులు పొడిపొడిగా రాలుతున్నాయి. మీ రచనను ప్రచురణకు స్వీకరించలేకపోతున్నందుకు చింతిస్తున్నామన్న ఒకే ఒక్క అచ్చు వాక్యం, దాని కింద రచన పేరు రాయడానికి వదిలిన చుక్కల గీత మీద ఎవరో గుమాస్తా నీలం సిరాతో రాసిన పేరు, పక్కన రబ్బరు ముద్రతో వేసిన తేదీ. అందులో ఆప్యాయత ఏమీ లేదు, విమర్శ అసలే లేదు. అయినా ఆయన వాటిని పారేయలేదు. ఆ తేదీ చూసిన రోజునే అదే రాతప్రతిని కొత్త కవరులో పెట్టి ఇంకో పత్రికకు పంపేవాణ్నని ఆయన చెబుతారు. ఒక గుమాస్తా, ఒక రబ్బరు ముద్ర, ఒక చీటీ ఉంటే ఆనాడు జరిగిన పని, ఖర్చే లేని ఈమెయిల్ కాలంలో ఎందుకు జరగడం లేదన్నది నేను నిజంగా అడుగుతున్న ప్రశ్న.

ఇక్కడ హామీపత్రం సంగతి ప్రస్తావించాలి. ఈ రచన నా సొంతమనీ, అనువాదం గానీ అనుకరణ గానీ కాదనీ, ఇంతకు ముందు ఎక్కడా ప్రచురితం కాలేదనీ, ప్రస్తుతం మరే పత్రిక పరిశీలనలోనూ లేదనీ సంతకం పెట్టి ఇస్తేనే మీలో చాలామంది మా రచనను చేతిలోకి తీసుకుంటారు. మొదటి మూడు మాటలూ న్యాయమైనవే, అడగవలసినవే. నాలుగో మాట మమ్మల్ని కట్టిపడేస్తుంది. మీ దగ్గర ఉన్నంతకాలం ఆ నవల ఇంకెవరి గుమ్మం తొక్కడానికీ వీల్లేదు. సరే, ఆ నియమానికీ ఒప్పుకుంటాం. కానీ ఆ హామీ ఎన్నాళ్లు? మీ దగ్గర ఉన్నంతకాలం అంటే ఎంతకాలం? కథలకైతే మూడు నెలల్లోగా సమాధానం రాకపోతే స్వీకరించలేదని భావించగలరని కొన్ని పత్రికలు రాస్తాయి. నవలల విషయంలో ఆ ఒక్క వాక్యం కూడా చాలాచోట్ల ఉండదు. ఉత్తర ప్రత్యుత్తరాలకు తావు లేదన్న వాక్యం మాత్రం తప్పక ఉంటుంది. మమ్మల్ని సంతకంతో కట్టినప్పుడు మీరూ ఒక తేదీతో కట్టుబడి ఉండాలని కోరడం అత్యాశ కాదనుకుంటాను. నిజాయితీగా హామీని పాటించే రచయితకే ఈ పద్ధతిలో ఎక్కువ నష్టం జరుగుతోంది. ఒకే నవలను గుట్టుగా నలుగురికి పంపేవాడికి జరిగే నష్టమేమీ లేదు.

ఫోన్ చేసి కనుక్కోవచ్చు కదా అని మీరు అనవచ్చు. చేశాం. చేసినప్పుడు మాకు దొరికే జవాబులు మీకు కూడా కంఠతా వచ్చే ఉంటాయి. చూస్తున్నామండి. ఇంకా మా పెద్దాయన చదవలేదండి. ఈ సీజన్ కాస్త హడావిడిగా ఉంది, బుక్ ఫెయిర్ అయ్యాక మాట్లాడుకుందాం. డిసెంబరులో ఇందిరా పార్కు ఎదుట ఎన్టీఆర్ స్టేడియంలో ఆ బుక్ ఫెయిర్ జరుగుతుంది, మేం అక్కడికి వస్తాం, మీ స్టాలు ముందు నిలబడి పుస్తకాలు కొనుక్కుంటాం, మీరు నవ్వుతూ పలకరిస్తారు, నవల ఊసు ఇద్దరం ఎత్తం. సంక్రాంతి వెళ్తుంది, ఎండలు ముదురుతాయి, మళ్లీ ఫోన్ చేయడానికి సిగ్గేస్తుంది. అడుక్కుంటున్నామేమో అనిపించే ఆ సిగ్గు, అసలు తిరస్కరణ కంటే మనిషిని ఎక్కువగా కుంగదీస్తుందని నా అనుభవం.

మా బృందంలో ఇద్దరు ఇంగ్లీషులో రాస్తారు. వాళ్లు లిటరరీ ఏజెంట్లకు పంపుతారు. ఏజెంటు అంటే రచయిత తరఫున ప్రచురణ సంస్థలతో మాట్లాడి, ఒప్పందం కుదిర్చి, రచయితకు వచ్చే రాబడిలో సాధారణంగా 15 శాతం, విదేశీ హక్కుల మీద 20 శాతం దాకా తీసుకునే వ్యక్తి. లండన్, న్యూయార్క్‌లలోని పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా రాని నవలను తెరిచి చూడవు. మన దేశంలోనూ ఢిల్లీ, జైపూర్, బెంగళూరుల్లో ఏజెంట్లు ఉన్నారు. ఒక పేజీ పరిచయ లేఖ, కథా సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు పంపాలి. ఆ మిత్రులకు వచ్చిన తిరస్కరణలు మాకు వచ్చినవాటికంటే చాలా ఎక్కువ. అక్కడ అంతా సవ్యంగా ఉందని నేను చెప్పడం లేదు. ఇన్ని వారాల్లో మా నుంచి కబురు రాకపోతే వద్దన్నట్టే అనుకోండని తమ నియమాల్లో రాసి, తర్వాత పలకని ఏజెంట్లు అక్కడా ఎందరో ఉన్నారు. అయితే ఆ వారాలు ఎన్నో ముందే రాసి ఉంటుంది. ఒకే సమయంలో పదిమంది ఏజెంట్లకు పంపడం అక్కడ తప్పు కాదు, అందరూ చేసేదే. ఏ ఏజెంటు ఎన్నాళ్లకు జవాబిచ్చారో రచయితలే క్వెరీట్రాకర్ వంటి వెబ్‌సైట్లలో నమోదు చేసుకుని ఒకరికొకరు చెప్పుకుంటారు. చదివినందుకు రుసుము అడిగేవాడు సరైన ఏజెంటు కాడన్నది అక్కడ స్థిరపడిన మాట, ఎందుకంటే పుస్తకం అమ్ముడుపోతేనే ఏజెంటుకు రాబడి. అందువల్ల ఆ వద్దు వెనక వ్యాపారపు అంచనా ఒక్కటే ఉంటుంది. మా ఇంగ్లీషు మిత్రురాలికి ఒకరోజు పొద్దున వద్దని మెయిల్ వస్తే, సాయంత్రానికి జాబితాలోని తర్వాతి పేరుకు పంపేస్తుంది. బాధపడదని కాదు, బాధపడుతూనే పంపుతుంది. ఆ అవకాశం మాకు లేదు.

తెలుగులో ఏజెంట్లు లేరు. రచయితకూ ప్రచురణకర్తకూ మధ్య మనిషి లేడు. ఇది ఒకరకంగా మనకున్న భాగ్యమే. పేరు లేని మనిషి కూడా నేరుగా మీ గడప ఎక్కి, కాచిగూడలోనో, చిక్కడపల్లిలోనో మీ ఆఫీసులో కూర్చుని, టీ తాగి, తన రాతప్రతిని మీ చేతికి ఇచ్చి రావచ్చు. కానీ ఆ మధ్య మనిషి లేకపోవడం వల్లనే వద్దని చెప్పడం మీకు ఇంత కష్టమవుతోందని నేను అర్థం చేసుకున్నాను. మనది చిన్న లోకం. మీరు ఈరోజు కాదన్న రచయిత రేపు రవీంద్రభారతిలో పుస్తకావిష్కరణలో పక్క కుర్చీలో ఉంటాడు, ఎల్లుండి త్యాగరాయ గానసభలో ఒక పెద్దాయన సంస్మరణ సభలో ఎదురుపడతాడు. ఆ రచయితను మీ దగ్గరికి పంపినవారు మీకు కావలసినవారు అయి ఉంటారు. ఆయన నవలకు ముందుమాట రాస్తానని మాటిచ్చినవారు మీరు గౌరవించే విమర్శకులు అయి ఉంటారు. ఇందరి మొహం చూసి కాదనలేక, ఔననడానికి నవల ఒప్పుకోక, మీరు ఏమీ అనకుండా ఉండిపోతారు. మా మనసు నొప్పించకూడదనే మీరు మౌనంగా ఉంటున్నారని నమ్ముతున్నాను. ఆ మొహమాటం వెనక ఉన్న మంచితనాన్ని నేను తక్కువ చేయడం లేదు. అయితే దాని భారం మొత్తం మేమే మోస్తున్నామని మీకు తెలియాలి. మీకు ఒక నిమిషం ఇబ్బంది తప్పితే మాకు ఏళ్లు పోతున్నాయి. పైగా ఈ మొహమాటం అందరికీ ఒకేలా పనిచేయదు. నలుగురికి తెలిసినవాడి నవల బల్ల మీద పైనే ఉంటుంది, ఎవరికీ తెలియని మనిషి నవల అడుగుకు చేరుతుంది. వికారాబాదు నుంచో పాలమూరు నుంచో పోస్టులో పంపిన అమ్మాయికి ఫోన్ చేసి గుర్తుచేసే పెద్దవాళ్లు ఎవరూ ఉండరు.

కాదన్న మాట మనిషిని ఎంత నిలబెడుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. మా అధ్యాపకురాలు కొన్నేళ్ల కిందట తన మొదటి నవలను ఒక సంపాదకుడికి ఇచ్చింది. ఆయన పేరు ఇక్కడ రాయను, ఆయన ఇలాంటివి చెప్పుకునే మనిషి కారు. రెండు నెలలకు ఆ ప్రతి తిరిగొచ్చింది. ఏ4 కాగితాల మీద ప్రింటు తీసి, ఎడమ వైపు స్పైరల్ కట్టించిన ప్రతి. మొదటి నలభై పేజీల్లో ఒక్క గుర్తూ లేదు. 41వ పేజీలో, వంటింట్లో పొయ్యి దగ్గర కూర్చున్న అత్తాకోడళ్లు ఒకరితో ఒకరు మాట్లాడకుండా చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న చోట, అంచున పెన్సిలుతో సన్నగా ఒక గీత గీసి ఉంది. గీత పక్కన చిన్న అక్షరాలతో, ఇక్కడి నుంచి నాకు వీళ్లు తెలిశారు, ముందున్నదంతా మీరు తెలుసుకోవడానికి రాసుకున్నది అని ఉంది. చివరి పేజీ వెనక మూడే వాక్యాలు. ఇప్పటి రూపంలో మేం వేయలేం. కోడలి కథ నాకు కావాలి, ఊరి చరిత్ర వద్దు. తిరగరాస్తే నాకే పంపాలన్న నియమం లేదు, ఎవరికైనా పంపండి. ఆమె ఆ రోజు ఏడ్చిందని మాకు చెప్పింది. ఆ వారమే మొదటి నలభై పేజీలూ తీసేసి, అందులోంచి కావలసిన నాలుగు విషయాలను తర్వాతి అధ్యాయాల్లో సర్దింది. ఆ నవల ఇంకా అచ్చుకాలేదు. కానీ ఆమె ఇప్పుడు రెండో నవల రాస్తోంది, అది మొదటిదానికంటే ఎంతో బాగుంది, ప్రతి అధ్యాయం ముగించాక ఎక్కడి నుంచి వీళ్లు తెలుస్తున్నారని మమ్మల్ని అడుగుతుంది. ఆ సంపాదకుడు ఆమె పుస్తకాన్ని వేయకుండానే ఆమెను రచయిత్రిని చేశారు.

పెద్ద సంపాదకులు తప్పుడు నిర్ణయాలు చేసిన సందర్భాలు లోకంలో చాలానే ఉన్నాయి. వాటిని మాకు ఓదార్పుగా చెబుతుంటారు. అందులో ఒకదాన్ని నేను వేరే కారణానికి గుర్తుచేసుకుంటాను. 1944 జులైలో లండన్‌లోని ఫేబర్ అండ్ ఫేబర్ సంస్థ తరఫున కవి టి.ఎస్. ఎలియట్, జార్జ్ ఆర్వెల్ జంతువుల కథగా రాసి పంపిన రాజకీయ వ్యంగ్య నవల యానిమల్ ఫామ్ రాతప్రతిని వద్దంటూ ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలో ఆయన రచనా నైపుణ్యాన్ని మెచ్చుకున్నారు. ఆ కాలపు రాజకీయ పరిస్థితిని విమర్శించడానికి అది సరైన దృక్పథమని తమకు నమ్మకం కలగలేదన్నారు. కథలోని పందులు మిగతా జంతువులకంటే తెలివైనవి గనుక పొలాన్ని నడపడానికి అవే తగినవనీ, కావలసిందల్లా ప్రజాహితం కోరే పందులేననీ వాదించారు. ఆయన అంచనా తప్పిందని ఇవాళ అందరూ అంటారు. ఆ పుస్తకం 1945 ఆగస్టులో మరో సంస్థ నుంచి వచ్చి లోకమంతా చదివింది. నన్ను ఆకట్టుకున్నది ఆ తప్పు కాదు. అంతటి మనిషి, యుద్ధం మధ్యలో, బాంబులు పడుతున్న నగరంలో కూర్చుని, ఎందుకు వద్దంటున్నాడో వివరంగా రాసి సంతకం పెట్టారు. వద్దన్న ఉత్తరం అందింది గనుక ఆర్వెల్ ఇంకొకరి దగ్గరికి వెళ్లగలిగారు. తీర్పు తప్పయినా ఫరవాలేదు, తీర్పంటూ ఒకటి రావాలి.

మీ కష్టాలు మాకు తెలియవని అనుకోకండి. నెలకొక నవలను పాఠకుల చేతిలో పెట్టిన చతుర మాసపత్రిక ఇప్పుడు రావడం లేదు. కరోనా వచ్చిన 2020లో ముద్రణ ఆపిన పత్రికలు కొన్ని మళ్లీ మొదలుకాలేదు. సీరియళ్ల కోసం వారం వారం ఎదురుచూసిన ఇళ్లు తగ్గాయి, నవలలను అద్దెకిచ్చిన దుకాణాలు మూతపడ్డాయి, గ్రంథాలయాల కొనుగోళ్లకు నిలకడ లేదు. ఐదు వందల కాపీలు కదలడానికి ఏళ్లు పడుతున్నాయని మీరే చెబుతారు. మీలో చాలా సంస్థల్లో చదివేవారూ, ప్రూఫులు దిద్దేవారూ, పార్సిళ్లు కట్టేవారూ ఒకరిద్దరే. వచ్చే రాతప్రతులు బస్తాలకొద్దీ ఉంటాయి, వాటిలో యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంట్లలో టైపు చేసినవి కొన్ని, మీ కంప్యూటరులో తెరిస్తే అక్షరాలు అస్తవ్యస్తమయ్యేవి కొన్ని, చేతిరాతవి కొన్ని. ఇంత పనిలో ప్రతి నవలా చివరి పేజీ దాకా చదవమని అడిగే హక్కు మాకు లేదు. ఇరవై పేజీలు చదివి ఆపేయండి. పది పేజీలకే ఆపినా సరే. ఎక్కడ ఆపారో ఒక్క మాట చెబితే మాకు అది బహుమతితో సమానం, ఎందుకంటే పాఠకుడు కూడా అక్కడే ఆపుతాడు.

మీ మౌనం కొత్త రచయితలను ఎక్కడికి తోస్తోందో కూడా చూడండి. డబ్బు కడితే పుస్తకం వేసిపెడతామనే వాళ్లు ఈ నగరంలో తక్కువేమీ లేరు. వాళ్లు మాత్రం ఒక్కరోజులో జవాబిస్తారు. నవల బాగుందంటారు, అద్భుతమంటారు, కవరు పేజీతో సహా ఖర్చెంతో అదే మెయిల్‌లో రాస్తారు. ఏడాదిగా ఒక్క మాటకు మొహం వాచిన మనిషికి ఆ పొగడ్త ఎంత తియ్యగా ఉంటుందో మీరు ఊహించగలరు. మా బ్యాంకు మిత్రుడు పీఎఫ్ నుంచి తీసిన డబ్బుతో అలా ఒక నవల వేయించుకున్నారు. ఎడిటింగ్ లేదు, ప్రూఫ్ లేదు, మూడో అధ్యాయంలో చనిపోయిన పాత్ర పేరు ఏడో అధ్యాయంలో పెళ్లి పిలుపుల జాబితాలో ఉంది. కట్టలు కట్టలుగా ఆ పుస్తకాలు ఇప్పుడు ఆయన ఇంట్లో మంచం కింద ఉన్నాయి. సొంతంగా వేసుకోవడం చిన్నతనమని నేను అనడం లేదు. తెలుగు నవలకు ఆద్యుల్లో ఒకరైన కందుకూరి వీరేశలింగం తన రాజశేఖర చరిత్రను 1878లో తన సొంత పత్రిక వివేకవర్ధనిలోనే ప్రచురించుకున్నారు. కానీ ఆయనకు పత్రిక ఉంది, పాఠకులు ఉన్నారు, ఏం చేస్తున్నారో తెలిసి చేశారు. మా మిత్రుడు వేరే దారి కనబడక చేశారు. ఈ నవల ఇంకా సిద్ధం కాలేదని మీలో ఒక్కరు ఆయనకు చెప్పి ఉంటే ఆ డబ్బు మిగిలేది, ఆ నవలా మిగిలేది. ఒకసారి అలా అచ్చయిన నవలను మళ్లీ పరిశీలించడానికి మీరు ఎవరూ ఒప్పుకోరు కదా.

కాలం కూడా అందరికీ ఒకేలా ఉండదు. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి 35 ఏళ్ల లోపు రచయితల పుస్తకాలనే చూస్తారు. మా మాదాపూర్ కుర్రవాడికి పురస్కారాల మీద అంత ధ్యాస లేదు గానీ, ముప్ఫై దాటిన మనిషి నవల ఒక్కొక్క చోట ఏడాది చొప్పున ఆగితే ఏ తలుపులు ఎప్పుడు మూసుకుంటాయో లెక్క వేసుకోవడం కష్టం కాదు. అతను ఈ మధ్య రాయడం ఆపేశాడు. ఎందుకని అడిగితే, ఎవరూ కాదనలేదు గానీ ఎవరూ ఔననలేదు, అసలు నేను రాశానో లేదో నాకే అనుమానంగా ఉందన్నాడు. అతని నవల చదివిన పాఠకురాలిగా చెబుతున్నాను, మూసీ ఒడ్డున చాదర్‌ఘాట్ దగ్గరి ఒక ఇరుకు గల్లీ గురించి అంత ప్రేమగా, అంత నిర్మొహమాటంగా రాసినది నేను ఈ మధ్యకాలంలో చదవలేదు. మీకది నచ్చకపోయి ఉండవచ్చు. ఆ సంగతైనా అతనికి తెలియాలి.

పోటీల నిర్వాహకులకు ప్రత్యేకంగా ఒక మాట. తెలుగు నవలకు పోటీలు చేసిన మేలు చిన్నది కాదు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పోటీలో విశ్వనాథ సత్యనారాయణ వేయిపడగలు, అడివి బాపిరాజు నారాయణరావు బహుమతిని పంచుకున్నాయి. మన కాలంలో తానా వంటి ప్రవాస సంఘాల పోటీలు ఎందరో కొత్తవారిని వెలుగులోకి తెచ్చాయి. ఫలితాల ప్రకటనలో గెలిచినవారి పేర్లు వస్తాయి, అది న్యాయమే. మిగిలినవారికి వేరుగా ఒక్క వాక్యం మెయిల్ చేయండి, మీ నవలను ఇక మీరు ఎక్కడికైనా పంపుకోవచ్చని అందులో రాయండి. చివరి వడపోత దాకా వచ్చిన నవలల పేర్లు ప్రకటిస్తే, బహుమతి రాకపోయినా ఆ నవలను ప్రచురణకర్త దగ్గరికి తీసుకెళ్లడానికి రచయితకు ఒక ఆధారం దొరుకుతుంది. ఫలితాలు వాయిదా పడితే వాయిదా పడ్డాయనీ, బహుమతికి తగినది రాలేదంటే రాలేదనీ ప్రకటించండి. ఆ మాటకు మేం నొచ్చుకోం.

మేం కోరుతున్నది మీకు భారం కాకూడదనే ఉద్దేశంతో దాన్ని వీలైనంత తేలిక చేసి చెబుతాను. రాతప్రతి అందగానే అందిందని, ఫలానా తేదీలోగా జవాబిస్తామని ఒక మెయిల్ పంపండి. నవలకు నాలుగు నెలలు చాలవంటే ఆరు నెలలు పెట్టుకోండి, గడువు ఎంతన్నది మీ ఇష్టం, అది ముందే మాకు తెలిస్తే చాలు. ఆ తేదీ దాటితే హామీపత్రంలోని నాలుగో మాట దానంతట అదే రద్దవుతుందని మీ నియమాల్లో చేర్చండి. వద్దనుకున్నప్పుడు, మీ నవలను పరిశీలించాం, ప్రచురణకు తీసుకోలేకపోతున్నాం, వేరేచోటికి పంపుకోగలరు అన్న మూడు ముక్కలు చాలు. వీలుంటే, మనసుకు తోస్తే, ఎక్కడ చదవడం ఆపారో రాయండి. ప్రస్తుతం నవలలు తీసుకోవడం లేదంటే ఆ సంగతి బహిరంగంగా ప్రకటించండి, మేం పంపకుండా ఆగుతాం.

మా వైపు నుంచి మేం చేయగలిగినవి కూడా కొన్ని ఉన్నాయి. యూనికోడ్‌లో టైపు చేసిన ఫైలే పంపుతాం. రెండు పేజీలకు మించకుండా సారాంశం, మొదటి మూడు అధ్యాయాలు మాత్రమే ముందు పంపుతాం, మీరు అడిగితేనే మిగతాది ఇస్తాం. గడువు లోపల ఫోన్ చేయం, పెద్దవాళ్లతో చెప్పించం, సభల్లో కలిసినప్పుడు ఆ ఊసెత్తి ఇబ్బందిపెట్టం. మీరు వద్దంటే ఎందుకని వాదించం, ఫేస్‌బుక్‌లో మీ మీద రాయం. వద్దన్న తర్వాత కూడా మీ పుస్తకాలు కొంటాం, చదువుతాం, నచ్చితే నలుగురికీ చెబుతాం. మా మిత్రబృందంలో ఈ మాటల మీద అందరం ఒప్పుకున్నాకే ఇది మీకు రాస్తున్నాను.

ఈ డిసెంబరులో బుక్ ఫెయిర్ మొదలయ్యేలోపు మీలో ఏ ఇద్దరు ముగ్గురైనా ఈ గడువు నియమాన్ని అమల్లోకి తెచ్చి, మీ స్టాలు ముందు ఒక చిన్న బోర్డు మీద నవలలు తీసుకుంటున్నారో లేదో, ఏ మెయిల్‌కు పంపాలో, ఎన్నాళ్లకు జవాబిస్తారో రాసి పెట్టవలసిందిగా వినయంగా కోరుతున్నాను. మా దగ్గర ప్రస్తుతం ఐదు నవలలు సిద్ధంగా ఉన్నాయి. ఆ బోర్డు కనిపించిన చోట మొదట వాటినే ఇస్తాం.

భవదీయురాలు,
ఒక నవలా రచయిత్రి,
హైదరాబాదు